రసగుల్లా డబ్బాల లాంతర్లు

మా మామ పేరు ఆశీర్వాదం, ఆయన తీపి దొంగ. నాచారంలో మా వాడకట్టంతా ఈ మాట అంటుంది. మొదట అన్నది మాత్రం నేనే.

పెళ్లై వచ్చిన ఏడాదే బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే బెల్లం ముక్క తగిలింది. తర్వాత దిండు గలేబులో సోన్‌పాపిడి, గొడుగు మడతల్లో చాక్లెట్లు, ఒకసారి కళ్లద్దాల పెట్టెలో కలాకంద్. ఆయనకు షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. పొద్దున, సాయంత్రం తన చేత్తోనే ఇన్సులిన్ సూది పొడుచుకుంటాడు. ఆ రెంటి మధ్యలో పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇంత తీపి నోట్లో వేసుకుంటాడు. నేను పట్టుకుంటాను, ఆయన నవ్వుతాడు, హెన్రీ అరుస్తాడు. హెన్రీ అంటే నా మొగుడు, ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. చుట్టాలొస్తే చాయ్ కంటే ముందు ఈ కథలే పెట్టేదాన్ని. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. మామ కూడా నవ్వేవాడు.

పోయిన గుడ్ ఫ్రైడే నాడు చర్చి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ ఆయన ఒక మాటన్నాడు.

"ఇయ్యాల్టి సంది తీపి బంద్ బిడ్డా. దేవునికి మాటిచ్చిన."

మేం మామూలు కంటే ఎక్కువ నవ్వాం.

ఇక లాంతర్ల సంగతి. దసరాకు ముందు ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఖాళీ డబ్బాకు మేకుతో చుక్కలు చుక్కలుగా బెజ్జాలు కొట్టి, లోపల కొవ్వొత్తి పెడితే గోడంతా పువ్వులు, నక్షత్రాలు పరుచుకుంటున్నాయి. ఒకటి చేసి చూశాను. నేను అప్పటికి చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. కుట్టిన చీరలు తీసుకోవడానికి ఉప్పల్ నుంచి సుష్మ గారు వచ్చారు. ఆమెది గుంటూరు వైపు, ఫంక్షన్లకు డెకరేషన్లు చేయిస్తారు. వాకిట్లో వేలాడుతున్న లాంతరు చూసి ఆగిపోయారు.

"భలే ఉందండీ దోర్కా గారూ! ఎక్కడ కొన్నారు?"

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. అప్పటిదాకా నా చేతి పని చూసి ఎక్కడ కొన్నారని ఎవరూ అడగలేదు. నేనే చేశానంటే ఆమె నమ్మలేదు. నమ్మాక, నారపల్లిలో కొత్తగా కట్టిన వెంచర్ క్లబ్ హౌస్‌కు క్రిస్మస్ డెకరేషన్ ఒప్పుకున్నానని, నూట ఇరవై లాంతర్లు కావాలని, చేయగలరా అని అడిగారు. ఆలోచించకుండా చేస్తానన్నాను. ఆ సాయంత్రం కూర మాడింది కూడా నాకు తెలియలేదు.

డబ్బాలు తెచ్చే పని మామ తీసుకున్నాడు. ఆయన ముప్పై ఏళ్లు నాచారంలోనే డబ్బాల కంపెనీలో పని చేశాడు. కంపెనీ మూతపడి చాలా కాలమైనా రేకును బొటనవేలితో రుద్ది దాని సంగతి చెప్పేస్తాడు. పెళ్లిళ్ల మరునాడు ఉప్పల్ ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరిగి, వంటవాళ్లు పారేసిన రసగుల్లా డబ్బాలు గోనెసంచిలో వేసుకుని షేర్ ఆటోలో వచ్చేవాడు. నల్లా దగ్గర కూర్చుని అడుగున మిగిలిన పాకం పారబోసి, బూడిద పెట్టి తోమి, పదునైన అంచుల్ని పట్టకారతో లోపలికి మడిచేవాడు. పాత పేపర్ల మీద పెన్సిల్‌తో మల్లెతీగలు, నక్షత్రాలు కూడా ఆయనే గీసేవాడు. మేకు ఎక్కడ దిగాలో అక్కడ చుక్క. నా లాంతర్లని అందరూ అంటారుగానీ సగం పని ఆయనదే.

ఒట్టి డబ్బా మీద మేకు పెట్టి సుత్తితో కొడితే రేకు లోపలికి సొట్టపోతుంది. అందుకని డబ్బాలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డ కట్టిస్తారు. ఐసు లోపల గట్టిగా నిలబడుతుంది, మేకు చక్కగా దిగుతుంది, పనయ్యాక ఐసు కరిగి పోతుంది. వీడియోలో అదే చూశాను. మామకు ఈ పద్ధతి నచ్చలేదు.

"ఐసెందుకు బిడ్డా? కర్ర మొద్దు చేపిద్దాం. డబ్బాల దూరేంత మందం. మా కంపెనీల గట్లనే జేస్తుంటిమి."

"మీ కంపెనీ మూతబడి ఎన్నేండ్లాయె మామా? దాని ముచ్చట్లు ఇంక బంద్ జెయ్యి" అన్నాను.

అయినా ఆయన ఊరుకోలేదు. తెలిసిన వడ్రంగి కొమురెల్లి దగ్గరికి డబ్బా పట్టుకెళ్లి, కొలతకు మామిడి కర్ర మొద్దు చేయించుకొచ్చాడు. నేను దాన్ని తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.

మా ఫ్రిజ్ పాతది, ఒకే తలుపు. ఫ్రీజర్‌లో నాలుగు డబ్బాలు పడతాయి. లోపల గుండ్రటి మీట ఒకటి ఉంటుంది, దాని మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. ఎప్పుడూ మూడు మీద ఉండేది. మూడు మీద డబ్బా గడ్డకట్టడానికి రెండు రోజులు పడుతోంది. నేను ఏడుకు తిప్పాను. తెల్లారేసరికి రాయిలా గడ్డకట్టాయి. నాకు ఏదో గెలిచినట్టే అనిపించింది. కొత్తిమీర నల్లబడిపోయింది, టమాటాలు పగిలాయి, పాలలో పలుకులు తేలాయి. హెన్రీ చాయ్ తాగుతూ సణిగాడు. సణగనీ అనుకున్నాను.

ఫ్రిజ్ తలుపు అరలో మామ ఇన్సులిన్ సీసాలు ఉండేవి. డబ్బాల్లో పోయడానికి ముందే నీళ్లు చల్లబరచాలని అక్కడ నీళ్ల సీసాలు పేర్చి, మందు పెట్టెను తీసి ఫ్రీజర్ కిందుండే ట్రేలో పెట్టాను. మందు కదా, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాను. ప్రేమతోనే పెట్టాను. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే చచ్చిపోతుంది. కరిగించినా అందులో మందు ఉండదు. ఇది నాకు అప్పుడు తెలియదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దీన్ని ఇంతకాలం దాచిందే చాలు.

మామ ఒక్కసారి అడిగాడు. అక్టోబరు చివర్లో ఒక పొద్దున సీసా పట్టుకుని నా వెనక నిలబడ్డాడు.

"బిడ్డా, మందు జర గడ్డకట్టినట్టుంది. సూడు."

నేను డబ్బాకు పేపరు చుట్టి మేకు ఆనించి ఉన్నాను. ఐసు కరగకముందే కొట్టాలి. తల తిప్పలేదు.

"చేతుల వట్టుకో మామా. కరుగుతది."

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా గడప మీద కూర్చుని, సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని, కరిగిందాకా పట్టుకునేవాడు. దారిన పోయేవాళ్లు తాత ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేవారు. ఆయన కళ్లకు పొరలు. లావు పెన్సిల్ చుక్కలు కనబడతాయిగానీ, సీసాలో సన్నగా ఏం తేలుతున్నాయో ఆయనకు కనబడదు. కనబడే కళ్లున్న నేను చూడలేదు.

నవంబరు వచ్చేసరికి మామకు దాహం పట్టుకుంది. బిందె నీళ్లు ఒక్కడే తాగేవాడు. చొక్కా వదులైంది. పరీక్ష చేయిస్తే షుగర్ నాలుగు వందలు దాటింది. హెన్రీ ఆ కాగితం బల్ల మీద పెట్టి పోలీసులా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం తింటున్నవ్ నాయనా?"

"నువ్వు తినేదే తింటున్న."

"నిజం చెప్పు."

"గుడ్ ఫ్రైడే సంది ముట్టలేదురా."

ఆయన చొక్కా జేబు మీద చీమలు బారు కట్టి ఉన్నాయి. డబ్బాలు కడిగేటప్పుడు పడ్డ పాకం. అది నాకు తెలుసు. తెలిసి కూడా అందరికంటే ముందు నేనే నోరు తెరిచాను.

"రోజూ రసగుల్లా డబ్బాలు కడిగేటోనికి పాకం రుచి తెల్వకుంటదా? చీమలే సాక్ష్యం చెప్తున్నయ్!"

హెన్రీ చెల్లెలు జెన్నిఫర్ చర్లపల్లి నుంచి వచ్చి ఉంది. ఆమెకు ఆ కోపంలోనూ నవ్వొచ్చింది. మామ నవ్వలేదు. చొక్కా మీది చీమల్ని ఒక్కొక్కటే దులుపుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇల్లంతా వెతికాం. దిండు, గొడుగు, బియ్యం డబ్బా, కళ్లద్దాల పెట్టె. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరకలేదంటే తెలివి మీరిపోయాడన్నాను. అన్నం తగ్గించాను. ఆయన తిరిగే ఫంక్షన్ హాళ్ల దగ్గర వంటవాళ్లకు హెన్రీ ఫోన్ చేసి, మా నాయనకు ఏం పెట్టొద్దని చెప్పాడు. మరునాడు మామ ఖాళీ సంచితో వచ్చాడు. డబ్బాలేవని అడిగితే, "ఆడ నన్ను సూసి నవ్వుతున్నరు బిడ్డా" అన్నాడు. అయినా నా ఆర్డర్ ఆగిపోతుందని మరో రెండు హాళ్లు కొత్తగా వెతుక్కున్నాడు, ఇంకాస్త దూరం నడిచి.

ఆ నడకలో కొత్త చెప్పు ఎడమకాలి చిటికెన వేలిని కొరికింది. షుగర్ కాళ్లకు నొప్పి తెలియదు. వారం తర్వాత వాసన వస్తే చూశాం. వేలు నల్లబడి ఉంది, పక్క వేలు కూడా రంగు మారుతోంది. దవాఖానాలో డాక్టరు కాలు పట్టుకుని చూసి కోప్పడ్డాడు.

"ఇంత షుగర్ పెట్టుకుంటే గాయం ఎట్ల మానుతది? వేళ్లు తీసెయ్యాలె. రెండు రోజులల్ల చేర్పించండి. అసలు ఇంట్ల ఏం తినబెడుతున్నరు?"

హెన్రీ వాళ్ల నాయన వైపు చూశాడు. జెన్నిఫర్ చూసింది. నేనూ చూశాను.

మరునాడు సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టించాం. పాస్టరయ్య వచ్చాడు, సంఘం నుంచి పదిమంది వచ్చి చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక పాస్టరయ్య మామ తల మీద చెయ్యి పెట్టాడు. మంచి మనిషి, మెల్లగానే మాట్లాడాడు.

"తాతా, మనసుల ఏమన్న బరువుంటే దించుకో. దాచుకుంటే దేవుడు కూడ ఏం జెయ్యలేడు."

"ఏం లేదయ్యగారూ."

జెన్నిఫర్ ఏడుపు మొదలుపెట్టింది. "ఒప్పుకో నాయనా. నీ కాళ్లు మొక్కుత. ఒక్కసారి ఒప్పుకుంటే మేమందరం నీ కోసం ప్రార్థన చేస్తం. ఇట్ల మొండికేస్తే కాలు మొత్తం పోతది."

మామ చాపల మీద కూర్చున్న అందర్నీ వరసగా చూశాడు. చివరికి నా దగ్గర ఆగాడు. ఈ మనిషన్నా అడ్డం పడుతుందని చూశాడేమో. అక్టోబరులో ఆ పొద్దున సీసా పట్టుకొచ్చి అడిగింది నన్నే కదా. నాకు ఆ సీసా గుర్తే రాలేదు. చెప్పు మామా అన్నట్టు తలూపాను.

"తిన్న" అన్నాడు. "డబ్బాలల్ల మిగిలిన పాకం తాగిన. తప్పైంది. అందరు క్షమించున్రి."

స్తోత్రం, స్తోత్రం అన్నారందరూ. జెన్నిఫర్ ఆయన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను హెన్రీ వైపు, నేను చెప్పలేదా అన్నట్టు చూశాను. దొంగ దొరికినందుకు నాకు నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

దవాఖానాలో మూడు వేళ్లు తీసేశారు. అక్కడ ఇన్సులిన్ వాళ్లే ఇచ్చారు. రెండు రోజుల్లో షుగర్ సగానికి దిగింది, వారానికి దారికొచ్చింది. హెన్రీ ఆ కాగితాలు ఫోన్‌లో ఫొటోలు తీసి సంఘం వాళ్లందరికీ పంపాడు. మా నాయన ఒప్పుకున్నాడు, దేవుడు తగ్గించాడు అని రాశాడు. ఆదివారం పాస్టరయ్య ఆ మాట చర్చిలో చెప్పాడట. అందరూ చప్పట్లు కొట్టారట.

మామను ఇంటికి తెచ్చిన రోజు కొత్త మందు చీటీ పట్టుకుని ఉమామహేశ్వర్ మెడికల్ షాపుకు వెళ్లాను. ఏళ్లుగా ఇన్సులిన్ అక్కడే కొంటాం. డాక్టరు రకం మార్చాడు కాబట్టి, సీలు తీయని పాత సీసాలు రెండుంటే మార్చుకుంటాడేమోనని తీసుకెళ్లాను. ఉమామహేశ్వర్ ఒక సీసాను అరచేతిలో దొర్లించి ట్యూబ్‌లైటు వైపు ఎత్తాడు. మళ్లీ దొర్లించాడు.

"ఇదేంది చెల్లె, ఏడ వెట్టినవ్? పాల లెక్క కలవాలె గదా. ముద్దలు ముద్దలున్నది సూడు. ఇది గడ్డకట్టింది."

"గడ్డకడితే ఏమైతది అన్నా? కరిగిస్తే..."

"కరిగిస్తే ఏమున్నది, నీళ్లు పొడుచుకున్నట్టే. మందు సచ్చిపోయింది. తాతకు గిది ఇస్తలేరు గదా?"

నేను లేదన్నాను. సీసాలు సంచిలో వేసుకుని బయటికొచ్చాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఏ రోజు మీట తిప్పానో, ఏ రోజు పెట్టె మార్చానో, ఏ పొద్దున ఆయన నా వెనక నిలబడి సూడు అన్నాడో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. షాపు పక్కన మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవరో ముసలమ్మ కళ్లు తిరిగాయా బిడ్డా అని మంచినీళ్లిచ్చింది.

ఇంటికెళ్లి మీటను మూడుకు తిప్పాను. కొత్త మందు పెట్టెను తలుపు అరలో పెట్టాను. ఎవరూ చూడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అప్పటికి ఇంకా నలభై లాంతర్లు చేయాలి. తలుపు వెనక నుంచి మామ చేయించిన మామిడి మొద్దు తీసి డబ్బాలో దూర్చి మేకు కొట్టాను. ఒక్క డబ్బా కూడా సొట్టపోలేదు. ఐసు పెట్టినప్పటిలా అడుగు ఉబ్బలేదు, చేతులు మొద్దుబారలేదు. మంచం మీద నుంచి మామ ఆ చప్పుడు విని, "మొద్దు మీద కొడుతున్నవ్ గదా బిడ్డా? చప్పుడే వేరు" అని సంబరపడ్డాడు. సుత్తి అక్కడ పడేసి బాత్రూంలోకి పోయి నల్లా తిప్పుకుని ఏడ్చాను.

చెప్పలేదు. పదిహేను రోజులు చెప్పలేదు. హెన్రీ ఏమంటాడో, జెన్నిఫర్ ఏం చేస్తుందో, వాడకట్టులో నా పేరు ఏమవుతుందో అని భయం. ఆయన్ను దొంగని అన్నంత తేలిగ్గా నన్ను నేను అనుకోలేకపోయాను. లాంతర్లు నారపల్లి వెళ్లాయి. సుష్మ గారు ఫొటోలు పంపారు. "అందరూ ఎక్కడ కొన్నారని అడుగుతున్నారండీ" అని ఫోన్ చేశారు. ఆ మాట కోసం నేను బతికిన రోజులున్నాయి. ఇప్పుడు చెవిలో సీసం పోసినట్టుంది.

క్రిస్మస్ రెండు రోజులుందనగా పాస్టరయ్య కబురు పెట్టాడు. పండుగ ఆరాధనలో ఆశీర్వాదం తాత సంఘమంతటి ముందు సాక్ష్యం చెప్పాలి. ఎలా దొంగతనంగా తిన్నాడో, ఎలా ఒప్పుకున్నాడో, దేవుడు ఎలా తగ్గించాడో. మా చర్చిలో మైకు ముందు సాక్ష్యం చెప్పడమంటే చిన్న సంగతి కాదు. హెన్రీ ఆయనకు తెల్ల చొక్కా కొనుక్కొచ్చాడు.

ఆయన నా తప్పును తన పాపంగా మూడొందల మంది ముందు చెప్పుకోబోతున్నాడు. అది జరగనిస్తే నేను మనిషినే కాదనుకున్నాను. పండుగ పొద్దున, అందరూ తయారవుతుండగా, గది మధ్యలో నిలబడి చెప్పేశాను. మీట, ట్రే, గడ్డకట్టిన సీసా, ఉమామహేశ్వర్ మాట. అంతా.

జెన్నిఫర్ జడలో పూలు పెట్టుకుంటూ ఆగిపోయింది. హెన్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే విన్నాడు.

"మందులమ్ముకునేటోడు వంద చెప్తడు" అన్నాడు. "నాయన తిన్ననని తన నోటితోని చెప్పిండు. చెప్పిన రెండో దినానికే షుగర్ దిగింది. అందరు సూసిన్రు. ఇప్పుడు సంఘం ముందర మనల్ని నవ్వులపాలు జేస్తవా?"

"దవాఖానల మంచి మందిచ్చిన్రు కాబట్టి దిగింది! నా మాట ఇను. ఆయన తినలే."

"నువ్వే గదా అన్నవ్, చీమలే సాక్ష్యమని?"

నా నోరే నాకు అడ్డం తగిలింది.

"పోనీ అన్నా" అంది జెన్నిఫర్, కళ్లనిండా నీళ్లతో. "నాయన మీద ప్రేమతోని వదిన తన మీద ఏసుకుంటున్నది. అసొంటి కోడలు ఎవలికి దొరుకుతది?"

నేను మామ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నువ్వన్న చెప్పు మామా. నీ బాంచెన్. తినలేదని చెప్పు."

ఆయన కొత్త చొక్కా నలగకుండా మెల్లగా వంగాడు.

"దేవుని పేరు మీద తిన్ననని చెప్పిన బిడ్డా. ఇప్పుడు తినలేదంటే పాస్టరయ్య మాట తప్పయితది. సంఘం దేన్ని నమ్మాలె? వేళ్లెట్లనో మళ్ల రావు. ఊకో."

ఆరాధనలో ఇద్దరు పట్టుకుని ఆయన్ను మైకు దాకా నడిపించారు. చర్చి దూలాలకు నేను ఇచ్చిన లాంతర్లే పన్నెండు వేలాడుతున్నాయి. నేను తీపి దొంగను అని మొదలుపెట్టాడు. బియ్యం డబ్బాలో బెల్లం, గొడుగులో చాక్లెట్లు, అన్నీ చెప్పాడు, నేను చుట్టాలకు చెప్పే వరసలోనే. జనం నవ్వారు. పాకం తాగానని చెప్పగానే నవ్వినవాళ్లే కళ్లు తుడుచుకున్నారు. నేను లేచి నిలబడదామని బెంచీ అంచు పట్టుకున్నాను. పక్కనే కూర్చున్న హెన్రీ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. విడిపించుకుని లేవొచ్చు. లేవలేదు.

ఆరాధన తర్వాత పిల్లలు పళ్లాల్లో కేకు పంచారు. మామ దగ్గరికొచ్చిన పిల్ల పళ్లెం చాపబోయి, వెనక నుంచి ఎవరో "తాతకొద్దు" అనగానే నాలుక కరుచుకుని దాటిపోయింది.

మధ్యాహ్నం హెన్రీ, జెన్నిఫర్ పాస్టరయ్యకు బట్టలు పెట్టడానికి వెళ్లారు. వాకిట్లో కుర్చీ వేసి మామను కూర్చోబెట్టాను. కట్టు కట్టిన కాలు పీట మీద ఉంది. నేను గడప మీద కూర్చున్నాను, ఆయన సీసా కరిగించుకున్న చోటే.

"తినలేదని నాకెరికె" అన్నాడు ఆయన. "నీకు గూడ ఎరికాయె. సాలు."

"ఏం సాలు మామా!"

"ఒక మాట అడుగుత, కోపం జెయ్యకు. తిన్నోనికి పడాల్సిన శిక్ష పడ్డది. వేళ్లు పోయినయ్. అందరి ముందర దొంగననిపించుకున్న. ఇగ తినుడొక్కటే మిగిలింది." నా వైపు చూడకుండా అన్నాడు. "ఇంట్ల కేకున్నది గదా. ఒక్క ముక్క పెట్టరాదు?"

పెట్టకూడదు. నాకు తెలుసు. పొద్దున చూసిన షుగర్ అంకె కూడా తెలుసు. అయినా లోపలికెళ్లి చిన్న ముక్క కోసి అరచేతిలో పెట్టుకొచ్చాను. ఆయన్ను ఇన్ని మాటలన్న దాన్ని, ఆ ఒక్క అడిగిందానికి కాదనలేకపోయాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్లు మూసుకుని కొంచెం కొంచెంగా తిన్నాడు. గుడ్ ఫ్రైడే తర్వాత అదే మొదటి తీపి.

గేటు దగ్గర బండి ఆగింది. హెన్రీ లోపలికొస్తూనే ఆయన తెల్ల చొక్కా మీద పొడి చూశాడు.

"ఏంది నాయనా, తిన్నవా?"

మామ నా వైపొకసారి చూసి, పాత దొంగ నవ్వు నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత ఆ నవ్వు.

"తిన్న" అన్నాడు.

"నేనే పెట్టిన" అన్నాను లేచి నిలబడి. "ఆయన అడిగితే నేనే కోసి ఇచ్చిన."

"నువ్వు ఊకో దోర్కా. అన్నీ నీ మీదనే ఏసుకుంటవ్." హెన్రీ వంగి వాళ్ల నాయన చొక్కా మీది పొడి దులిపి, ఆ చేతిని నాకు చూపించాడు. "పొద్దుగాల సంఘం ముందర ఏడ్సి, పొద్దుగూకకముందే మళ్ల దొరికిండు. గీయన తినలేదని పొద్దున నాతోని కొట్లాడినవ్. ఇప్పుడు జెప్పు."

నా నిజానికి మిగిలిన ఒక్క సాక్షి ఆయనే. ఆయన్ను నా చేత్తోనే దొంగను చేశాను, ఈసారి నిజంగా. ఇక నేను ఎవరికి ఏం చెప్పినా ఈ కేకు ముక్కే అడ్డం వస్తుంది.

మామ కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"మస్తున్నది బిడ్డా" అన్నాడు.